పాత ఇల్లు కొనేముందు అటక ఎక్కి చూడాలి

సంతలో గేదెను కొనే రైతును గమనించండి. నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. పొదుగు తడుముతాడు. నాలుగు అడుగులు నడిపించి కుంటు ఉందేమో చూస్తాడు. వీలుంటే రెండు పూటలా దగ్గరుండి పాలు పితికించి, ఆ తరువాతే బేరం తేలుస్తాడు. అదే రైతు లక్షలు పోసి పాత ఇల్లు కొనేటప్పుడు మాత్రం వీధి అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతాడు. దస్తావేజులు ప్లీడరు గారికి చూపిస్తాడు. సిద్ధాంతి గారి చేత వాస్తు చూపిస్తాడు. మంచిరోజు చూసి బయానా ఇచ్చేస్తాడు. దూలం చివర పుచ్చిందో లేదో ఎవరూ చూడరు. పునాది ఎంత లోతున ఉందో ఎవరూ అడగరు.

జొన్నాడలోనూ, చుట్టుపక్కల మూలస్థానం, చొప్పెల, చెముడులంక, మడికి వంటి గ్రామాల్లోనూ తాతల నాటి పెంకుటిళ్లు, మండువా లోగిళ్లు, తొలినాళ్ల స్లాబు ఇళ్లు చేతులు మారుతూనే ఉన్నాయి. పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫులోనో, అమెరికాలోనో స్థిరపడ్డారు. పెద్దవాళ్లు పోయాక ఇంటికి తాళం పడుతుంది. కొన్నేళ్లకు అన్నదమ్ములు ఒకమాట మీదికి వచ్చి అమ్మకానికి పెడతారు. కొనేది సాధారణంగా ఊళ్లోవాడే. కూతురి కాపురానికో, కొడుకు వేరింటికో కొంటాడు. జీవితంలో అంత డబ్బు ఒక్కసారిగా తీయడం అతనికి అదే మొదటిసారి, అదే ఆఖరిసారి కూడాను. అటువంటివాడు మోసపోకూడదన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మా ఇంటి సంగతి

ఈ మాట ఊరికే రాయడం లేదు. ఈ తప్పు మా కుటుంబమే చేసింది. కొన్నేళ్ల క్రితం మా వాళ్లు ఒక పెంకుటిల్లు కొన్నారు. మాఘమాసంలో చూశాం. కొత్తగా సున్నం కొట్టి, తలుపులకు రంగు వేసి, ఇల్లు పెళ్లిపందిరిలా ఉంది. కాగితాలు సక్రమంగా ఉన్నాయి. అమ్మినాయన మంచివాడు, మాకు దూరపు చుట్టం కూడా. గృహప్రవేశం చేసుకుని చేరిపోయాం.

శ్రావణంలో మూడురోజుల ముసురు పట్టింది. మూడోనాటి రాత్రి వసారా మీది దూలం గోడలో నుంచి జారి, నాలుగు దంతెలతోనూ పెంకులతోనూ సహా కింద పడింది. రోజూ ఆ వసారాలోనే మా నాయనమ్మ నులకమంచం. జల్లు కొడుతున్నదని ఆ పూట ఆమె మంచాన్ని పడమటింట్లోకి లాగించుకుంది. అంతే తేడా. తెల్లవారి వడ్రంగి వచ్చి ఆ దూలం చివర పట్టుకుంటే చేతిలో పొట్టులా రాలింది. పైకి కనబడే భాగం టేకు మానులా నిగనిగలాడుతున్నది. గోడలో దాగిన జానెడు మేరనూ చెదలు తినేశాయి.

అమ్మినాయనను ఏమనగలం? పదేళ్లుగా ఆయన ఆ ఇంట్లో లేడు. ఆయనకూ తెలియదు. మరమ్మతుకు ఇల్లు కొన్న ధరలో మూడోవంతు అయింది. అందుకోసం అరెకరం కొబ్బరితోట తాకట్టు పెట్టాం. ఒక మేస్త్రికీ ఒక వడ్రంగికీ ఒకరోజు కూలి ఇచ్చి అటక ఎక్కించి ఉంటే ఆ తాకట్టు తప్పేది.

చట్టం ఏమంటున్నది?

ఇంటిలో లోపం ఉంటే అమ్మినవాడి మీద దావా వేయవచ్చు గదా అని చాలామంది అనుకుంటారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షన్ ఈ విషయం చెబుతుంది. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియకుండా ఉండి, మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవాడు కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి. ఈ వాక్యాన్ని తిరగేసి చదువుకోండి. మామూలు జాగ్రత్తతో చూస్తే కనిపించే లోపాన్ని చూడకపోవడం కొనేవాడి తప్పే అవుతుంది. అమ్మేవాడికే తెలియని లోపానికి అతనిని పట్టుకోవడం మరీ కష్టం. గోడ బీట తీసి ఉన్నా, దూలం వంగి ఉన్నా ‘నేను చూడలేదండీ’ అంటే కోర్టులో ఆ మాట నిలవడం అనుమానమే.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తీసుకునే ఈసీ మీద మనకు ఎంతో నమ్మకం. ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్టరు లావాదేవీలను, రిజిస్టరయిన తనఖాలను అది చూపిస్తుంది. అది అవసరమే. కాని ఈసీలో చెదలు కనిపించవు. దస్తావేజులో ‘తలుపులు, ద్వారబంధములు, దూలములతో సహా’ అని రాసినంతమాత్రాన ఆ దూలాలు గట్టివని అర్థం కాదు. హక్కు సంగతి కాగితం చెబుతుంది, ఇంటి ఆరోగ్యం సంగతి ఇల్లే చెప్పాలి.

మన నేల, మన నీరు

ఎక్కడి ఇంటికైనా పరీక్ష అవసరమే. గౌతమి ఒడ్డున ఉన్న మనకు మరింత అవసరం. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరినప్పుడు డెల్టా అంతా ఏమైందో పెద్దవాళ్లకు తెలుసు. 2006 ఆగస్టులో మళ్లీ పెద్ద వరద వచ్చింది. 2022 జూలైలో భద్రాచలం వద్ద 71.3 అడుగులు నమోదయింది. ఆ ఏడు లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మట్టి అడుసుతో కట్టిన ఇటుక గోడ పాదం అలా నీళ్లలో నానితే, నీరు తీశాక పైకి ఆరినట్టు కనిపించినా లోపల బలం పోతుంది. మీద గార పూసి సున్నం కొడితే ఆ సంగతి ఎవరికీ తెలియదు.

నేల కూడా అంతటా ఒకటి కాదు. ఏటి పక్కన ఇసుక కలిసిన ఒండ్రు. మరికొన్ని చోట్ల వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు తీసే బంకమట్టి. అటువంటి మట్టి మీద పునాది లోతు తక్కువైతే ఏటేటా గోడ కదులుతూనే ఉంటుంది. బడుగువానిలంక వంటి చోట్ల ఏటికోత భయం వేరే ఉన్నది. ఏటిగట్టుకు ఏ పక్కన ఇల్లు ఉన్నదన్నది ధర కంటే ముందు అడగవలసిన ప్రశ్న.

ఇక తుపాను. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసింది. ఇళ్ల పైకప్పులను లేపేసింది. ఆ తరువాత హడావుడిగా వేసుకున్న కప్పులు, అతికించిన వాసాలు నేటికీ కొన్ని ఇళ్ల మీద ఉండవచ్చు. ఈ ఇల్లు 86 వరదకు ఎంత మునిగింది, 96 తుపానుకు ఏమయింది అని పక్కింటి ముసలమ్మను అడగండి. అమ్మేవాడు మరచిపోయింది ఆమెకు గుర్తుంటుంది.

ఏమేమి చూడాలి?

మొదటిది, ఇల్లు ఎండాకాలంలో ఒకసారి చూసి సరిపెట్టుకోవద్దు. పెద్దవాన కురిసిన మర్నాడు మళ్లీ వెళ్లండి. ఎక్కడ కారుతున్నదో, వాననీరు ఎటు పోతున్నదో, గోడ ఎంత ఎత్తున చెమ్మగిల్లిందో అప్పుడే తెలుస్తుంది. అమ్మకానికి ముందు కొత్తగా సున్నం కొట్టిన గోడను మరికాస్త శ్రద్ధగా చూడాలి.

గోడ నిటారుగా ఉన్నదీ లేనిదీ తూకం గుండు చెబుతుంది. తలుపులన్నీ మూసి తీయండి. గడియ పడకపోతే, ద్వారబంధం వాలితే, గోడ కదిలిందని అనుమానించాలి. బీటలన్నీ ప్రమాదకరం కావు. గారలో వెంట్రుకవాసి నెర్రెలు ఏ ఇంటికైనా ఉంటాయి. ఇటుకల వరస వెంట మెట్లు మెట్లుగా దిగిన బీట, రూపాయి బిళ్ల దూరేంత వెడల్పున్న బీట, లోపలా బయటా ఒకేచోట కనిపించే బీట — ఇవి పునాది దిగిందని చెప్పే గుర్తులు. ఆ బీట పాతదై ఆగిపోయిందా, ఇంకా కదులుతున్నదా తెలియాలంటే దానికి అడ్డంగా సన్నని గాజుముక్క అతికించి తేదీ వేసి ఉంచుతారు. కొన్ని వారాల్లో గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టే.

ఇంటి మూలన, అమ్మేవారి అనుమతితో, పునాది అడుగు కనిపించేదాకా ఒక్క గొయ్యి తీయించండి. పునాది ఎంత లోతుంది, అడుగున ఎంత వెడల్పుంది, రాయా ఇటుకా, మట్టి అడుసా సున్నమా అన్నది తెలిసిపోతుంది. గోడ అతుకులో మేకుతో కాస్త గీకినా అడుసు ఏమిటో బయటపడుతుంది. మరుగుదొడ్డి గొయ్యి, బావి, పెద్దచెట్టు గోడకు ఎంత దగ్గరగా ఉన్నాయో చూసుకోవాలి. గోడలో రావి మొలక ఉంటే దాని వేరు ఎంతదూరం పోయిందో మేస్త్రి చూడాలి.

పెంకుటింటికి ప్రాణం కప్పులో ఉంటుంది. టార్చిలైటు పట్టుకుని అటక ఎక్కాలి. దూలం గోడలోకి దిగేచోట, వాసం చూరును తాకేచోట, మండువా నాలుగు వాలులూ కలిసే మూలల్లో వేసిన రేకు దోనెల కింద — పుచ్చు మొదలయ్యేది ఇక్కడే. సుత్తితో కొడితే గట్టి కర్ర ఖంగుమంటుంది, తిన్న కర్ర బోలుగా పలుకుతుంది. ఉలి మొన గుచ్చితే సులువుగా దిగకూడదు. గోడ మీద మట్టి దారాల్లా పాకిన చెదల బాటలు వెతకాలి. నడికొప్పు దూరం నుంచి చూసినప్పుడు గీత గీసినట్టు ఉండాలి, ఉయ్యాలలా వంగకూడదు. చాలాకాలం తాళం వేసి ఉన్న ఇల్లయితే అనుమానం రెట్టింపు చేసుకోవాలి. మనుషులు కాపురం ఉన్న ఇంట్లో పొయ్యి పొగ కర్రను కొంత కాపాడేది. ఏటా వానలకు ముందు పెంకు సర్దించేవారు. కోతులు పగలగొట్టిన పెంకు వెంటనే మార్చేవారు. తాళం పడ్డాక ఇవన్నీ ఆగిపోతాయి.

స్లాబు ఇల్లయితే భయం లేదనుకోవడం పొరపాటు. 30, 40 ఏళ్ల స్లాబుకు నీరు దిగితే లోపలి ఊచలు తుప్పు పడతాయి. తుప్పు ఇనుముకంటే కొన్నిరెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. ఉప్పునీళ్లు, ఉప్పు ఇసుక వాడిన చోట ఇది మరీ తొందరగా జరుగుతుంది. కిందినుంచి తుప్పు మరకలు, కొత్తగా పూసిన అతుకులు, బోలుగా పలికే చోట్లు చూడాలి. సన్‌షేడ్లు, స్నానాలగది పైకప్పు ముందుగా చూడవలసినవి. అనుమానం ఉంటే ఇంజినీర్లు స్లాబు పగలగొట్టకుండానే దాని గట్టితనాన్ని అంచనా వేసే సుత్తి పరికరంతోనూ, ధ్వని తరంగాల పరికరంతోనూ పరీక్షిస్తారు. వీటికి భారత ప్రమాణాల సంస్థ 1992లోనే ప్రమాణాలు ప్రచురించింది.

కరెంటు వైర్లు, ఎర్తింగు, బావినీరు కూడా చూపించుకోవాలి. చూరునీళ్లు ఎవరి స్థలంలో పడుతున్నాయి, పక్కింటితో ఉమ్మడి గోడ ఉన్నదా, దొడ్డి పోరంబోకులోకి గాని ఏటిగట్టు స్థలంలోకి గాని వెళ్లిందా అన్నది టేపు పట్టి కొలిపించి దస్తావేజుతో సరిచూడాలి. జొన్నాడ వద్ద చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి పక్క ఇల్లయితే రోడ్డు సరిహద్దు ఎక్కడిదాకా ఉందో రెవెన్యూ రికార్డుల్లో చూసుకోవాలి.

ఎవరిచేత చూపించాలి?

ఇంజినీరు ఒక్కడు చాలడు, మేస్త్రి ఒక్కడు చాలడు. నేటి ఇంజినీర్లలో ఎక్కువమంది చదివింది సిమెంటు కాంక్రీటు. మట్టి అడుసు గోడను చూడగానే ‘కూల్చేయండి’ అనేవారూ ఉన్నారు. పాత మేస్త్రికి ఆ గోడ తెలుసు గాని స్లాబులో ఊచ లెక్క తెలియకపోవచ్చు. అందుచేత ఒక అనుభవజ్ఞుడైన సివిల్ ఇంజినీరు, పెంకుటిళ్లు కట్టిన ఒక వృద్ధ తాపీ మేస్త్రి, ఒక వడ్రంగి — ముగ్గురూ ఒకేరోజు కలిసి చూడాలి. వారు అమ్మేవారి మనుషులు గాని, బేరం కుదిర్చిన మధ్యవర్తి మనుషులు గాని కాకూడదు. చూసింది నోటిమాటగా కాక కాగితం మీద రాయించుకోవాలి. ఏది వెంటనే బాగుచేయాలి, ఏది రెండు మూడేళ్లు ఆగుతుంది, ఏది బాగుకాదు, ఎంత ఖర్చవుతుంది అన్నవి అందులో ఉండాలి.

ఇదంతా బయానాకు ముందే జరగాలి. బయానా తప్పనిసరి అయితే, పరీక్షలో పెద్దలోపం బయటపడితే బయానా తిరిగి ఇవ్వాలని ఆ ఒప్పందంలోనే రాయించుకోవాలి.

ఇంగ్లండులో పాత ఇల్లు కొనేవారు శిక్షణ పొందిన సర్వేయరుకు రుసుము ఇచ్చి ఇంటిని పరీక్ష చేయించుకోవడం వాడుక. ఆ పరీక్షలో మూడు స్థాయులు ఉన్నాయి. పాత ఇళ్లకు, మార్పులు చేసిన ఇళ్లకు అన్నిటికంటే వివరమైనదే చేయించుకోమని చెబుతారు. అక్కడ పనికొచ్చింది, వరదా తుపానూ రెండూ ఉన్న ఇక్కడ అక్కరలేదా?

వినవచ్చే అభ్యంతరాలు

‘అలా అడిగితే అమ్మేవాళ్లు నొచ్చుకుంటారండీ’ అంటారు. పిల్ల సంబంధానికి వెళ్లి అబ్బాయి ఉద్యోగం వాకబు చేస్తే ఎవరైనా నొచ్చుకుంటున్నారా? నిజానికి ఈ పరీక్ష అమ్మేవాడికీ మేలే. ఇల్లు ఉన్నది ఉన్నట్టు చూసి కొన్నాడని కాగితం ఉంటే రేపు ‘నువ్వు దాచిపెట్టావు’ అనే తగవు రాదు. మా చుట్టంతో మా మాటలు ఏడాదిపాటు ఆగిపోయాయి. ఆ కాగితం ఉంటే ఆ దుస్థితి వచ్చేది కాదు.

‘మా తాతలు ఇంజినీర్లను పిలిచారా?’ అనేవారు మరికొందరు. తాతలు ఇల్లు కొనలేదు, కట్టించుకున్నారు. ఇటుక కాల్చింది వాళ్ల కళ్లముందే, సున్నం గానుగ ఆడింది వాళ్ల దొడ్లోనే. ఏ దూలం ఏ మానుదో వాళ్లకు తెలుసు. మనకు తెలియదు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కొని చూడమని అనలేదు.

మూడో అభ్యంతరం ఖర్చు. ముగ్గురు మనుషుల ఒకరోజు కూలి, రుసుము కలిపినా ఇంటి ధర ముందు అది చిన్న మొత్తమే. లోపం బయటపడితే బేరంలో అంతకు ఎన్నోరెట్లు తగ్గించుకోవచ్చు. ఏ లోపమూ లేదని తేలితే అంతకంటే కావలసిందేముంది?

ఇంకొక సంగతి. ఈ పరీక్ష చెడ్డ ఇల్లు కొనకుండా ఆపడానికే కాదు, మంచి ఇల్లు కూలకుండా ఆపడానికి కూడా. పాతదని భయపడి, చూపించకుండానే మండువా లోగిలిని పడగొట్టి, ఆ టేకు దూలాలను కారుచౌకగా అమ్ముకున్నవారు ఉన్నారు. రెండు దంతెలు మార్చి, పెంకు సర్దించి, గోడపాదం బాగుచేస్తే ఇంకో తరం నిలిచే ఇళ్లు అవి. అలాగే చెమ్మగిల్లిన మట్టి అడుసు గోడకు సిమెంటు పూత వేసి మూసేస్తే చెమ్మ లోపలే చిక్కుకుని గోడ మరింత చెడుతుంది. దానికి సున్నపు గారే తగినదని తెలిసినవాడు చెబుతాడు.

పంచాయతీలు చేయగల పని

దీనికి ప్రభుత్వం నుంచి పెద్ద పథకం అక్కరలేదు. 1986, 2006, 2022 వరదనీరు ఊళ్లో ఎక్కడిదాకా వచ్చిందో పెద్దలను అడిగి, బడి గోడ మీదా పంచాయతీ కార్యాలయం మీదా గుర్తులు పెట్టించి సంవత్సరం వేయించవచ్చు. దానికి డబ్బా రంగు చాలు. ఇల్లు కొనేవాడికి, కొత్తగా కట్టేవాడికి అంతకంటే పనికివచ్చే సమాచారం ఉండదు. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు ఇంజినీరింగ్ అసిస్టెంట్ల పోస్టులు కూడా వచ్చాయి. పాత ఇంటిని ప్రాథమికంగా చూసి, పెద్ద ఇంజినీరు అవసరమా కాదా అని చెప్పే సేవను నామమాత్రపు రుసుముతో పల్లెల్లో అందించే ఆలోచన అధికారులు చేయాలి. తలుపుల మీద గెడ వేసుకుని నిద్రపోయే కుటుంబాల ప్రాణం ఆ దూలాల మీదే ఆధారపడి ఉన్నది.

మా నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆమె నులకమంచం మాత్రం ఆ వసారాలోనే ఉంది. పైన కొత్త దూలం. ఏటా వానలకు ముందు నిచ్చెన వేసి దాని రెండు చివరలూ సుత్తితో కొట్టి చూస్తున్నాం. ఈ వేసవిలో ఇల్లు కొనబోయేవారు ముందుగా ఆ నిచ్చెన ఎరువు తెచ్చుకోవాలని కోరుతున్నాను.